ఎడమ జేబు మూల

దండెం మీద ముందు ఎవరి బట్టలు ఆరాలన్న దాని మీద మొగుడూ పెళ్ళాలు మాటామాటా అనుకున్నారంటే వినేవాళ్ళు నవ్వుతారు. పాల్వంచ కంపెనీ క్వార్టర్లలో, ఆ శనివారం పొద్దున, మహిమ ఇంట్లో జరిగింది మాత్రం అదే.

మర్నాడు ఆమె నాన్న జ్ఞాపకార్థ కూడిక. వేంసూరు నుంచి అమ్మ, తమ్ముడు, మరదలు వస్తారు. పెట్టెలో బట్టలు ఎండకు వేయాలి, దండెం ఖాళీగా ఉంచమని మహిమ ముందు రోజే చెప్పి పెట్టింది. పాలు తీసుకుని వచ్చేసరికి దండెం ఈ కొస నుంచి ఆ కొస దాకా తడి దుప్పట్లు. పెళ్ళయినప్పటి నుంచి రుమాలు కూడా తడిపి ఎరగని బెంజమిన్, నైట్ షిఫ్టు దిగి వచ్చినవాడు వచ్చినట్టే లుంగీ ఎగగట్టుకుని బకెట్టు పక్కన నిలబడి ఉన్నాడు.

"ఇయ్యాల దండెం నాకు కావాలని నిన్ననే చెప్పిన గదా," అంది మహిమ.

"దుప్పట్లు మాసినయి."

"మాసినయని మీకు ఎప్పటి సంది కనబడుతున్నది?"

"కనబడకపోతే ఎందుకు కనబడలేదంటవు. కనబడితే ఎందుకు కనబడ్డదంటవు. ఏంది నీతోటి?"

"పెట్టె బట్టలు ఎండకెయ్యాలె. రేపు అమ్మోళ్ళు వస్తున్నరు."

"పెట్టెల ఉన్నయి పెట్టెల్నే ఉండనియ్. ఊకె తీసుకుంట పెట్టుకుంట ఉంటే బట్ట పాడైతది."

"ఏడాదికి ఒకపాలి తీస్తే పాడైతదా?"

"నీకు అన్నిటికీ ఒక రూలు. దండెం మీద దుప్పటి అంచు వంకరగ ఉన్నా నీకు నిద్ర పట్టదు."

మహిమ చేతిలో అప్పటికే దుప్పటి అంచు ఉంది. దాన్ని సరిచేస్తూనే ఆమె మాట్లాడుతోంది. అది చూసి బెంజమిన్‌కు నవ్వు రావాలి, ఇన్నేళ్ళూ వచ్చేది. ఆ రోజు రాలేదు. చాయ్ కూడా తాగకుండా లోపలికి పోయి, ఫ్యాను వేసుకుని, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

అలిగాడనుకుంది మహిమ. దుప్పట్లు తీసి పిట్టగోడ మీద పరిచింది. మూలగదిలోకి వెళ్ళి మంచం కింద నుంచి పెట్టె బయటికి లాగింది.

ఆ పెట్టెలో రెండు పట్టుచీరలు, కొడుకు చిన్నప్పటి స్వెట్టరు, ఇంకా ఏవేవో ఉన్నాయి గాని, ఎండకు వేయక తప్పనిది ఒక్కటే. అది జోజి తాత ప్యాంటు.

జోజి తాత మహిమ నాన్నకు తండ్రి. భద్రాచలం దాటాక అడవి ఊళ్ళలో మందులిచ్చే మిషన్ డాక్టరు దొరకు జీపు నడిపేవాడు. తొవ్వ లేని చోట దిగి, కత్తితో కంప కొట్టి తొవ్వ చేసేవాడు. ప్రపంచ యుద్ధం అయిపోయాక అమెరికా సంఘాల వాళ్ళు పాత బట్టలు పీపాల్లో కుక్కి ఓడల మీద పంపేవాళ్ళట. అలా వచ్చిన ఒక పీపాలోంచి దొర తీసి ఇచ్చింది ఈ ముతక నీలం జీన్సు ప్యాంటు. అక్కడ యుద్ధం రోజుల్లో కుట్టింది. తాత దాన్ని నడుముకు తాడుతో బిగించి ఏళ్ళ తరబడి తొడిగాడు. దీన్ని చూస్తే ముల్లు కూడా పక్కకు జరుగుతుందని చెప్పేవాడు. ఆయన పోయాక నాన్న దాన్ని తొడుక్కోలేదు, పారేయలేదు. తాను పోయే ముందు కొడుకు జస్టిన్‌ను కాదని మహిమ చేతిలో పెట్టాడు. "వాడు దాస్తడు. నువ్వైతే చూసుకుంటవు," అన్నాడు.

పుట్టింటి నుంచి వచ్చినవాటిలో మహిమ నాది అని చెప్పుకునేది అదొక్కటే. ఏటా కూడికకు ముందు రోజు దాన్ని ఎండకు వేస్తుంది. కూడిక నాడు ప్రార్థన అయ్యాక అమ్మ సవరమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుంటుంది. మోకాలి దగ్గర ఆమె కొత్తకోడలుగా ఉన్నప్పుడు చేసిన రఫ్ఫు ఉంది. చూపు మందగించాక కూడా వేలితో తడిమి, అది ఎలా చిరిగిందో, ఎలా కుట్టిందో ప్రతిసారీ కొత్తగా చెబుతుంది.

ఆ ప్యాంటు వల్లనే మహిమ ఇంటి ముందుగదిలో కుట్టుపని ఊపందుకుంది. బెంజమిన్ చెల్లెలు అక్సా మణుగూరులో మొగుడితో పొసగక వచ్చేశాక, వదినా ఆడబిడ్డలు కలిసి రెండు మిషన్లు వేసుకున్నారు. మొదట్లో జాకెట్లు, బడిపిల్లల యూనిఫారాలు. తర్వాత బెంజమిన్ తాత ప్యాంటు సంగతి చెప్పి, ఎవరి ద్వారానో హైదరాబాద్‌లో ఒక షోరూం వాళ్ళను పట్టుకొచ్చాడు. వాళ్ళు అమ్మేవి కొత్త ప్యాంట్లే గాని, యుద్ధకాలం నాటివాటికి నకళ్ళు. ఆ రోజుల్లో లోహమూ దారమూ పొదుపు చేయమని అమెరికా సర్కారు చెప్పిందట. వెనక జేబు మీద దారంతో కుట్టే వంపుగీతను ఉత్త రంగుతో వేసేవాళ్ళట. జేబు లోపలికి ఏ గుడ్డ దొరికితే ఆ గుడ్డ. పని తెలిసిన చేతులు యుద్ధపు పనుల్లోకి పోతే కొత్తవాళ్ళు హడావుడిగా కుట్టేవాళ్ళట. అందుకని ఒక జేబు ఎత్తు, ఒక జేబు పల్లం. కుట్టు మధ్యలో పసుపు దారం అయిపోతే నారింజ దారం. ఇప్పుడు ఆ తప్పులకే గిరాకీ. తప్పు లేకపోతే కొనేవాడు ఇది నకలే కాదు పొమ్మంటాడు.

మహిమకు ఆ పని మొదట్లో చేతకాలేదు. చిన్నప్పుడు ఆమె సిస్టర్ల హాస్టల్లో ఉండి చదువుకుంది. అక్కడ కుట్టు గదిలో ఒకటే పాఠం: కుట్టు ముగిసిన చోట మిషను వెనక్కి తిప్పి లాక్ కొట్టాలి. కొట్టకుండా దారం తెంపితే సిస్టర్ ఆ కుట్టు మొత్తం విప్పించేది. ఖమ్మంలో డిగ్రీ చదివిన రోజుల్లో నేర్చిన రసాయనశాస్త్రం చాలావరకు మర్చిపోయింది గాని, ఆ చేతి అలవాటు పోలేదు. ఇప్పుడు వంకరగా కుట్టమంటే అరచేతులు చెమటపట్టేవి. సుద్దతో గీత గీసి, ఆ గీత మీదే వంకరగా కుట్టేది.

"తప్పు కుట్టనీకి కూడ స్కేలు పెట్టి కొలుస్తవేంది వదినా," అని అక్సా పడీ పడీ నవ్వేది.

బొత్తాలు కుట్టడానికి తండా నుంచి వచ్చే కమ్లి ఇంకో మాట అనేది. "మా ఇంట్ల తప్పు చేస్తే మా అత్త తిడతది. మీ తాన తప్పుకు కూలి ఇస్తరు. ఇదే నయమున్నది."

అలా నవ్వులతో నడిచిన పని. పోయిన వేసవిలో షోరూం వాళ్ళకు అచ్చం తాత ప్యాంటు లాంటిదే ఒకటి కావాలట, అద్దాల బీరువాలో పెడతారట అని బెంజమిన్ చెప్పాడు. మహిమ తాత ప్యాంటును బల్ల మీద పక్కనే పరుచుకుని, చూస్తూ, ఒక్కో తప్పునూ ప్రేమగా దించింది. కిందికి జారిన కుడి జేబు, పక్కకు ఒరిగిన బెల్టు లూపు, మధ్యలో మారిన దారం రంగు, పరుపు గుడ్డ లాంటి చారల గుడ్డతో వేసిన జేబు సంచి.

"అమ్మ రఫ్ఫు కూడనా?" అని అడిగింది అప్పుడు.

"అవ్. అదుంటేనే అందం," అన్నాడు బెంజమిన్.

దాన్ని కూడా దించింది. అమ్మ పోగు ఎక్కడ వదులో అక్కడ వదులు, ఎక్కడ బిగువో అక్కడ బిగువు. పాతదానిలా చేసే పని అక్సాది. ఇటుక ముక్కతో రుద్ది, చాయ్ డికాషన్‌లో ముంచి, ఎండబెట్టి, మళ్ళీ రుద్దేది. అన్నీ అయ్యాక ఆ ప్యాంటు హైదరాబాద్ పోయిందని అక్సా చెప్పింది. పెట్టె బరువు, నువ్వు వంగొద్దు అంటూ తాత ప్యాంటును బెంజమినే తెల్లపంచెలో చుట్టి పెట్టెలో పెట్టాడు. ఆ రోజు మొగుడి మీద మహిమకు ముచ్చటేసింది కూడా.

ఇప్పుడు ఆమె ఆ తెల్లపంచె విప్పింది. ప్యాంటును దండెం మీద వేసి, ఏటా చేసినట్టే ఒక్కో తప్పునూ చూసుకుంటూ వచ్చింది. బడి నుంచి వచ్చిన పిల్లల్ని తల్లి ఒకసారి కలియజూసుకున్నట్టు. జేబు ఉంది. లూపు ఉంది. నారింజ దారం ఉంది. రఫ్ఫు ఉంది. ఎడమ జేబు మూలకు వచ్చింది.

ఆ మూల దగ్గర, ఎన్నడో ఎక్కడో దాన్ని కుట్టిన ఆ అమెరికా ఆడమనిషి చేయి జారి, మలుపు దాటిపోయింది. గబుక్కున వెనక్కి వచ్చి, లాక్ కొట్టకుండానే దారం తెంపేసింది. అక్కడ గోరంత దారం కొస ఎప్పుడూ వేలాడుతుంటుంది. మెల్లగా లాగితే ఒక కుట్టు ఊడివస్తుంది. చిన్నప్పుడు లాగి మహిమ దెబ్బలు తిన్నది ఆ కొస వల్లనే. పెద్దయ్యాక కూడా ఆ కొసను చూస్తే వేలితో ఒకసారి తాకకుండా ఉండలేదు.

తాకింది. కొస ఉంది. కదల్లేదు.

కొంచెం లాగింది. అయినా కదల్లేదు.

ప్యాంటును తిరగేసి జేబు లోపలి వైపు ఎండకు పట్టి చూసింది. కుట్టు మీదే కుట్టు ఎక్కి, వెనక్కి వచ్చి, గట్టిగా కూర్చుని ఉంది. లాక్ కొట్టిన కుట్టు. సిస్టర్ చూసి ఉంటే సరే అని తలూపేది.

ఆ కుట్టు ఎవరిదో తెలుసుకోవడానికి మహిమకు ఇంకెవరినీ అడగాల్సిన పని లేదు. ఆ మూల కుట్టిన రోజు గుర్తుంది. వదిలేయాలనే అనుకుంది, చేయి దానంతట అదే వెనక్కి పోయింది. అప్పుడే చూసుకుంది కూడా. తిరగేసి ఎవరు చూస్తారులే అనుకుని పైన ఒక ఉత్త కొస అంటించి ఊరుకుంది. ఎన్ని తప్పులు చేయమన్నా చేసింది గాని, ఆ ఒక్క తప్పు ఆమె చేతికి రాలేదు.

ప్యాంటును ముఖం దగ్గరికి తెచ్చుకుంది. కలరా ఉండల వాసన కింద, ఎక్కడో లోతున, చాయ్ వాసన.

మొదట ఆమెకు తట్టింది పిచ్చి ఆలోచన. పొరపాటున ఒకదాని బదులు ఒకటి పోయిందేమో. ఆ మాట అనుకుంటుండగానే పిట్టగోడ మీది తడి దుప్పట్లు కంటపడ్డాయి. పొద్దున్నే లేని ఓపిక తెచ్చుకుని దుప్పట్లు ఉతికిన మనిషికి ఇది పొరపాటు కాదు. అతనికి తెలుసు.

ముందుగదిలో అక్సా మిషను తొక్కుతోంది. మహిమ ప్యాంటును తీసుకెళ్ళి, జేబు తిరగేసి, ఆమె ముందు బల్ల మీద పరిచింది.

"అక్సా, ఇది జర చూడు."

"తాత ప్యాంటే గద వదినా. ఎండకేస్తున్నవా?"

"ఈ మూల చూడు. ఎవరి కుట్టు ఇది?"

అక్సా వంగి చూసింది. పనిలో ఉన్న మనిషి కదా, ఆలోచించకుండానే నోరు జారింది. "నీదే."

ఆ తర్వాత మిషను ఆగింది. అక్సా సూది కింద ఇరుక్కున్న గుడ్డను లాగలేక, వదలలేక పట్టుకుని కూర్చుంది.

"అన్న చెప్పొద్దన్నడు వదినా."

"అన్న చెప్పొద్దన్నడు. నీ నోటికేమయింది?"

"అసలుది ఇస్తేనే ఆర్డరు మన దగ్గర ఉంచుతమన్నరంట. లేకుంటే తిరుపూరు కంపెనోళ్ళకు ఇస్తమన్నరంట. ఈ మిషను ఆగితే నేను యాడికి పోవాలె? మళ్ళ మణుగూరా?"

"నన్ను అడిగి ఏడిస్తే నేను నిన్ను మణుగూరు పంపిస్తుంటినా?"

అక్సా తల దించుకుంది. "నువ్వు గుర్తుపట్టవనుకున్నం," అంది చిన్నగా. "నువ్వు కుట్టింది గంత మంచిగ ఉండె."

ఆ మాటే మహిమను ఎక్కువ కోసింది. ఈ పిల్లకు దారం ఎక్కించడం దగ్గర నుంచి నేర్పింది తను. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఇన్నాళ్ళు నవ్వుకున్న నవ్వుల్లో వేసవి తర్వాతివి ఏవి నిజమో ఇప్పుడు విడదీసి చూసుకోవాలి. తన చేత్తోనే గంతలు కుట్టించి, తన కళ్ళకే కట్టారు. కట్టినవాళ్ళు ఇద్దరూ తన చేతి అన్నం తింటున్నవాళ్ళే.

బెంజమిన్ నిద్ర లేచింది మధ్యాహ్నం దాటాక. లేచేసరికి ప్యాంటు కుర్చీ వెన్ను మీద ఉంది, మహిమ ఎదురుగా కూర్చుని ఉంది. అతను ప్యాంటును చూశాడు, ఆమెను చూశాడు, మంచం దిగకుండా అక్కడే కూర్చున్నాడు.

"అమ్మినరా?" అంది మహిమ.

"అమ్మలే. పైస కూడ తీసుకోలే, దేవుని తోడు. నమూనాకు ఇచ్చిన."

"నన్నెందుకు అడగలే?"

"అడిగితే ఇస్తుంటివా?"

"ఇయ్యకపోతుంటి."

"అందుకే అడగలే." అన్నాక ఆ మాట ఎలా ఉందో అతనికే వినిపించినట్టుంది. సర్దుకున్నాడు. "నీ కోసమే గద మహిమా. నీ పనితనం నలుగురికి తెలవాలని. అక్సా బతుకు నిలబడాలని. పెట్టెల పడి ఉండే బట్ట. ఏడాదికి ఒకదినం తీస్తరు. ఆ ఒక్కదినానికి నువ్వు కుట్టింది సాలదా? అసలుదానికి దీనికి ఫరక్ నాకే తెలుస్తలేదు."

"మీకు తెలుస్తలేదని నాకిది పెట్టెల పెట్టిన్రు."

"తప్పే. తప్పు కాదంటలేను."

"అదిప్పుడు ఎట్లున్నది? మంచిగనే ఉన్నదా?"

బెంజమిన్ లుంగీ అంచును మడిచాడు, విప్పాడు. "ఇప్పుడైతే అద్దాలల్ల ఉన్నది. వచ్చేవారం వాళ్ళ కటింగ్ మాస్టరు విప్పుతడంట."

"విప్పుడేంది?"

"కుట్లు విప్పితేనే గద ముక్క కొలతలు వచ్చేది. కాగితం మీద గీసుకుంటరు. మళ్ళ కుట్టిపిస్తరు."

"ఎవరితోటి?"

అతను కిటికీ వైపు చూశాడు. "నీకే పంపుతరంట."

మహిమ లేచి వంటింట్లోకి వెళ్ళింది. గోంగూర ఒలుస్తూ కూర్చుంది. కాడలు ఒకవైపు, ఆకులు ఒకవైపు. ఒక్క కాడ కూడా ఆకుల్లో పడకుండా ఒలిచింది. చేతులు పని చేస్తున్నంతసేపు ఆమెకు ఒకటే కనిపిస్తోంది. ఎవరో తెలియని మనిషి చిన్న బ్లేడు పట్టుకుని, నారింజ దారం మొదలైన చోట, అమ్మ రఫ్ఫు మొదలైన చోట, ఒక్కో కుట్టూ తెంపుతున్నాడు. ఆ తర్వాత పార్సిల్ వస్తుంది. ముక్కలు. తాను లాక్ కొట్టి మరీ కుడుతుంది. అప్పుడు అసలుది కూడా నకలే అవుతుంది.

సాయంత్రం బెంజమిన్ వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. "రేపు అత్తమ్మ ముందర ఏమీ అనకు. పెద్దమనిషి, కండ్లు కూడ ఆనతలేవు. ఆమెకు తెల్వదు. ఊకె ఎందుకు బాధపెట్టుడు? కూడిక కానియ్. తర్వాత నేనే మాట్లాడి ఏదో ఒకటి చేస్త."

ఏదో ఒకటి అనే మాట మహిమకు ఎప్పుడూ గిట్టదు. అయినా అమ్మను బాధపెట్టడం ఎందుకన్నది నిజమే కదా అని రాత్రి పడుకునే ముందు ఒకసారి అనిపించింది. పొద్దున లేచాక కూడా అనిపించింది.

ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ వచ్చారు. పాస్టరుగారు కీర్తన ఒకటి చదివి, ప్రార్థన చేసి, ఇంకో ఇంట్లో కూడిక ఉందని చాయ్ తాగి వెళ్ళిపోయారు. సవరమ్మ గాలి తగిలే చోట కుర్చీ వేయించుకుని, రెండు చేతులూ చాపింది.

"ఇయ్యి బిడ్డా."

బెంజమిన్ మహిమ వైపు చూశాడు. అక్సా గ్లాసులు తీసే పని పెట్టుకుంది. మహిమ ప్యాంటు తెచ్చి తల్లి ఒళ్ళో పెట్టింది. తమ్ముడు జస్టిన్, అతని భార్య చాప మీద కూర్చున్నారు. వాళ్ళు ఈ కథ చాలాసార్లు విన్నవాళ్ళే.

సవరమ్మ వేళ్ళు మోకాలి దగ్గరికి పోయాయి. రఫ్ఫును పట్టుకున్నాయి. బొటనవేలితో అటూ ఇటూ నిమిరింది.

"జీపు దిగి వెదురుపొదల తొవ్వ చేస్తున్నడంట మామ. వెదురు గెడ వచ్చి గీరుకపోయింది. ఇంటికొచ్చి ప్యాంటు ఇడిచి నా ముందర పడేసిండు. నేను వచ్చి ఇంక నెల కాలే. నీలం దారం లేదు. భయపడుకుంట నల్లదారంతోటి కుట్టిన. కుట్టి ఇస్తే చూసి, చీకట్ల కనబడదు తీ కోడలా అన్నడు." తనలో తాను నవ్వుకుంది. "ఇగో, గట్టిగనే ఉన్నది ఇంక. ఒక్క పోగు జారలే. అప్పుడు నా చెయ్యి మంచి చెయ్యి."

"నీ చెయ్యి ఇప్పుడు కూడ మంచిదే అత్తా, కారమే ఎక్కువ పడుతున్నది," అన్నది మరదలు. అందరూ నవ్వారు. బెంజమిన్ కూడా నవ్వాడు. అందరికంటే కొంచెం ఎక్కువసేపు నవ్వాడు. గండం గడిచిందని ఊపిరి పీల్చుకున్న నవ్వు అది.

ఆ నవ్వు విన్నాక మహిమకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు. తాను వేసవిలో వేసిన పోగుల్ని అమ్మ నిమురుతూ తన చేయి అని చెప్పుకుంటోంది. అబద్ధం ఆడినవాళ్ళు ఇద్దరనుకుంది నిన్న. ఇందాక ప్యాంటు తెచ్చి ఒళ్ళో పెట్టినప్పటి నుంచి ముగ్గురు.

భోజనాలకు అందరూ చాపల మీద కూర్చున్నారు. సవరమ్మకు మాత్రం స్టూలు మీద పళ్ళెం పెట్టారు. బగారన్నం, కోడికూర, గోంగూర పచ్చడి, పెరుగు. మహిమ అందరికీ వడ్డించింది. బెంజమిన్‌కు అతనికి ఇష్టమైన కాలిముక్క వేసింది. అది కూడా అలవాటే, చేయి దానంతట అదే వేసింది. తనకు వడ్డించుకోకుండా గిన్నె పక్కన కూర్చుంది.

"నువ్వు కూడ తినక్కా," అన్నాడు జస్టిన్.

"తింట గని, ఒక మాట చెప్పాలె. అమ్మా, నువ్వు ఇందాక ఒళ్ళ పెట్టుకున్నది తాత ప్యాంటు కాదు."

బెంజమిన్ చేయి పళ్ళెంలో ఆగింది. "మహిమా, అన్నం కాడ—"

"అన్నం కాడనే చెప్త. లేకుంటే మళ్ళ ఏదో ఒకటి అయితది. అమ్మా, అది నేను కుట్టింది. తాతది జూసి, వేసవిల, అచ్చం అట్లనే కుట్టిన. ఎందుకు కుట్టమన్నరో నాకప్పుడు తెల్వదు. అసలుది ఈయన హైదరాబాద్ షోరూం వాళ్ళకు ఇచ్చిండు. ఇది పెట్టెల పెట్టిండు. అక్సాకు తెలుసు. నాకు నిన్న తెలిసింది. తెలిసి కూడ ఇయ్యాల నీ ఒళ్ళ పెట్టిన. అది నా తప్పు."

జస్టిన్ నోటి దాకా ఎత్తిన ముద్దను పళ్ళెంలో పెట్టేశాడు.

"నిజమా బావా?" అన్నాడు జస్టిన్.

బెంజమిన్ తల వంచి మెతుకులను పళ్ళెం అంచుకు జరిపాడు. అక్సా ముఖం కొంగులో పెట్టుకుంది.

"మరి నేను నిమిరింది?" అంది సవరమ్మ.

"నా రఫ్ఫే అమ్మా. నీది జూసి కుట్టిన."

సవరమ్మ తన కుడిచేతి వేళ్ళను, అన్నం మెతుకులు అంటుకున్న వేళ్ళను, కళ్ళకు దగ్గరగా తెచ్చుకుని చూసుకుంది. "నాది లెక్కనే ఉండె," అంది. మెచ్చుకున్నట్టు లేదు, నిష్ఠూరమాడినట్టు లేదు. వేళ్ళను మళ్ళీ పళ్ళెంలో పెట్టలేదు.

"అసలుది ఇంక కుట్లు విప్పలే," అంది మహిమ. ఒక్కో మాటనూ ఆగి ఆగి అంటోంది. "వచ్చేవారం విప్పుతరంట. రేపు పొద్దున్నే బస్సుకు నేను పోతున్న. తెచ్చుకునేదాక రాను. అది ఇంటికి వచ్చినా ఆ షోరూం పని ఇగ ఈ ఇంట్ల నడవదు. ఇంతవరకు కుట్టిన ముక్కలు కట్టగట్టి వాళ్ళకే ఇచ్చి వస్త. అక్సా, నువ్వు ఏడవకు, నిన్ను ఎవరూ యాడికీ పొమ్మంటలేరు. జాకెట్లున్నయి, యూనిఫారాలున్నయి. కలిసి కుట్టుడు మాత్రం ఇగ నాతోని కాదు. నీ మిషను నీది, నా మిషను నాది."

"వాళ్ళు ఇయ్యరు మహిమా," అన్నాడు బెంజమిన్. ఆ పూట అతను మొదటిసారి తలెత్తి మాట్లాడింది అప్పుడే. "ఇచ్చిన సొమ్ము వాపసు అడిగితే ఏం మర్యాద? నేను మాట ఇచ్చిన."

"నా సొమ్ము మీద మీరు మాట ఇచ్చిన్రు. అందుకే మీరు కూడ వస్తున్నరు. షిఫ్టుకు లీవ్ పెట్టుకోండ్రి." మహిమ పెరుగు గిన్నె అతని వైపు జరిపింది. "నేను పక్కన నిలబడత. అడిగేది మీరే."